బెల్లం ముక్క ఆపిన ప్రయాణం

తెలుగు పెళ్లిలో స్నాతకం కాగానే వరుడు గొడుగు పట్టి, చేతికర్ర తీసుకుని, పావుకోళ్లు తొడుక్కుని కాశీకి బయలుదేరతాడు. నాలుగడుగులు వేసేసరికి బావమరిది ఎదురొచ్చి, బెల్లం ముక్క నోటికందించి, గృహస్థువై ఉండమని బతిమాలి వెనక్కి తీసుకొస్తాడు. చెరకు పండి, బెల్లం వండే మా చోడవరం వైపు ఆ ముక్కకు కొదవుండదు. పందిట్లో అందరూ నవ్వుకునే ఈ ఘట్టాన్ని నేను వేడుకగా మాత్రమే చూడలేను. ఆ రోజు కాశీ ప్రయాణం రద్దు కాలేదు, వాయిదా పడింది. ఒంటరిగా వెళ్లబోయినవాణ్ణి తోడుతో వెళ్లమని ఆపారు.

ఆ వాయిదా తీరే వయసుకు చేరిన దంపతులు ఇప్పుడు కొత్త ఆలోచన చేస్తున్నారు. ఉద్యోగ విరమణ అయింది, పిల్లలు స్థిరపడ్డారు. వ్యానులో పడక, పొయ్యి, నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి అమర్చుకుని నెలల తరబడి తీర్థాలు తిరిగొస్తామంటున్నారు. 2025లో ప్రయాగ మహాకుంభమేళాకు మన ప్రాంతాల నుంచి కార్లలో, టెంపోల్లో వెళ్లి, దారిలో వండుకుని బండిలోనే కునుకు తీసిన కుటుంబాలున్నాయి. ఇల్లు వెంటబెట్టుకుని పోతే అది యాత్ర ఎలా అవుతుందని కొందరు పెద్దల సందేహం. న్యాయమైన సందేహమే. ఇల్లు విడవడంలోనే కదా సగం తపస్సు ఉంది!

అయితే మన పూర్వులూ ఉత్తచేతులతో పోలేదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయలుదేరారు. హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, మన కోస్తా దారిన 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. వెంట పెద్ద పరివారం, పల్లకీలు, డేరాలు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’లో ఏ మజిలీలో నీళ్లు బాగుంటాయి, ఎక్కడ దినుసులు దొరుకుతాయి అన్న వివరాలుంటాయి. వాటి పక్కనే ఈశ్వర సంకల్పం గురించీ, మనుషుల మతాల గురించీ లోతైన ఆలోచన ఉంటుంది. ఆనాటి డేరాకూ ఈనాటి వ్యానుకూ తలదాచుకోవడంలో తేడా లేదు. లోపల ఏం పెట్టుకుని పోతున్నామన్నదే ప్రశ్న.

దీనికి రామాయణంలో దారి కనిపిస్తుంది. అరణ్యవాసానికి కదిలేముందు సీతారాములు తమ సొత్తంతా పంచిపెట్టారు. వసిష్ఠుని కొడుకు సుయజ్ఞుడికి రాముడు కానుకలిస్తే, ఆయన భార్యకు సీత తన నగలిచ్చింది. ఆ తర్వాతే సుమంత్రుడు తోలిన రథమెక్కారు. ఆ రథం కూడా శృంగిబేరపురం దాకానే. గంగ ఒడ్డున దాన్ని వెనక్కి పంపి, గుహుడు సమకూర్చిన పడవలో ఏరు దాటారు. బండి వాడుకోవడం తప్పు కాదు, బండి దిగవలసిన చోట దిగడం తెలియాలి. కాశీలో నేటికీ అంతే. విశ్వనాథుడి గుడి చుట్టూ ఉన్న సందుల్లోకి ఏ వ్యానూ పోదు. మానససరోవర్ ఘాట్ దగ్గర ఆంధ్రాశ్రమానికి వెళ్లాలన్నా బండిని ఎక్కడో వదిలి నడవాల్సిందే.

చోడవరంలో బయలుదేరేవారు స్వయంభూ విఘ్నేశ్వరుడి ముందు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం మామూలే. అంతటితో ఆగక గౌరీశ్వరస్వామి గుడికీ వెళ్లమంటాను. సగం మేను ఇల్లాలికిచ్చిన దేవుడి దగ్గర ఇద్దరూ ఒకే సంకల్పం చెప్పుకోవాలి. అంతకుముందే బాకీలుంటే తీర్చాలి. అన్నదమ్ములతోనో వియ్యంకులతోనో మాటలు ఆగిపోయి ఉంటే వెళ్లి పలకరించాలి. భీమిలి–నర్సీపట్నం రోడ్డెక్కాక ఆ భారం దించుకోవడానికి చోటు దొరకదు.

సాలూరు ఘాటెక్కి కోరాపుట్ మీదుగా రాయపూరు చేరేసరికే దంపతుల సాధన మొదలైపోతుంది. ఇంట్లో కోపమొస్తే ఒకరు వీధి అరుగు మీదకు పోవచ్చు, ఇంకొకరు పెరట్లోకి పోవచ్చు. వ్యానులో ఆ వీలు లేదు. దారి తప్పినా, నీళ్లు నిండుకున్నా, మోకాళ్లు సలిపినా ఆ నాలుగు గజాల చోటులోనే సర్దుకోవాలి. సప్తపదిలో ఏడో అడుగు స్నేహం కోసం వేయిస్తారు. సంసారపు హడావుడిలో దాన్ని మరిచిపోయినవారికి ఇది మళ్లీ దొరికిన అవకాశం. ఇక్కడ మగవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. ముప్ఫై ఏళ్లు వంటింట్లో నిలబడిన మనిషిని తీసుకెళ్లి బండిలోని పొయ్యి ముందు నిలబెడితే ఆమెకు యాత్ర ఎక్కడిది? వంటిల్లు కదిలింది, అంతే. బియ్యం కడగడం, గిన్నెలు తోమడం భర్త చేతికి రావాలి. ఆమె జపం చేసుకుంటూ కిటికీలోంచి నర్మదను చూడాలి. ఇది చేయలేనివాడు ఎన్ని మునకలేసినా నా లెక్కలో కాశీకి పోనట్టే.

ఈ మాట నా సొంతం కాదు, ప్రయాగ ఆచారంలోనే ఉంది. త్రివేణీ సంగమం దగ్గర మన దక్షిణాది దంపతులు వేణీదానం చేస్తారు. భార్యను ఎదురుగా కూర్చోబెట్టుకుని భర్తే ఆమె తల దువ్వుతాడు, మూడు పాయలు తీసి జడ అల్లుతాడు, పూలు పెడతాడు. తర్వాత ఆ జడ కొసను కాస్త కత్తిరించి సంగమంలో సమర్పిస్తారు. జీవితమంతా సేవ అందుకున్న చేతులు నలుగురి ఎదుటా సేవ చేస్తాయి. అలవాటు లేని వేళ్లకు పాయలు కుదరవు, జడ వంకర పోతుంది, అరవై దాటిన ఇల్లాలు సిగ్గుపడుతుంది. పెళ్లినాటి తలంబ్రాల కన్నా ఇదే గొప్ప ఘట్టమని నాకనిపిస్తుంది. ఈ క్రతువును పురోహితుడికి దక్షిణిచ్చి పది నిమిషాల్లో ముగించేవారున్నారు. దయచేసి అలా చేయకండి. ఆ రోజుకు వేరే పని పెట్టుకోకండి.

గయలో ఇష్టమైన పండునో కూరనో వదిలేసే ఆనవాయితీ అందరికీ తెలిసిందే. దాంతోపాటు ఒకరి మీద ఒకరికున్న పాత ఫిర్యాదు కూడా ఒకటి వదిలితే పితృదేవతలు సంతోషించరా?

తిరిగొచ్చాక గంగపూజ, కాశీ సమారాధన, ఊరివారికి అన్నం, ఇంటింటికీ కాశీచెంబు. కాశీ గంగ రామేశ్వరంలో అభిషేకానికి చేరితేనే యాత్ర నిండుతుందని పెద్దల నియమం. అందుకని ఒక చెంబు సీలు తీయకుండా దేవుడి గూట్లో ఉంచి, వ్యాను సర్వీసుకిచ్చి, మంచి రోజు చూసుకుని దక్షిణానికి బయలుదేరాలి.