అరకొర మాట ఇవ్వకు

చిరంజీవి అమ్ములుకి,

నాటో సైనిక కూటమిలో చేరితే దేశానికి దక్కేది రక్షణా, యుద్ధమా అని అడిగావు. కొన్ని దేశాలకు ఏం జరిగిందో చెబుతాను, చూడు.

2008 ఏప్రిల్‌లో నాటో నేతలు బుకారెస్ట్‌లో కలిశారు. ఉక్రెయిన్, జార్జియాలకు సభ్యత్వపు దారి తెరవాలని అమెరికా పట్టుబట్టింది. జర్మనీ, ఫ్రాన్స్ ఒప్పుకోలేదు. చివరికి ఆ రెండూ సభ్యదేశాలవుతాయని ప్రకటనలో రాశారు. ఎప్పుడన్నది రాయలేదు. ఆ మాట మాస్కోకు కోపం తెప్పించింది కానీ, ఆ రెండు దేశాలకూ అండ కాలేకపోయింది. నాలుగు నెలలకే జార్జియాలో రష్యాతో యుద్ధం వచ్చింది. 2014లో ఉక్రెయిన్ చేతిలోంచి క్రిమియా పోయింది. 2022లో రష్యా సేనలు ఉక్రెయిన్ మీద విరుచుకుపడ్డాయి. ఆ పాపం దండెత్తినవాళ్లదే. ఎంత భయమున్నా పొరుగుదేశాన్ని ఆక్రమించే హక్కు ఎవరికీ లేదు. అయినా ఆశపెట్టి నడిమధ్యలో వదిలేసినవాళ్లకూ అందులో బాధ్యత ఉంది.

ఇక ఫిన్లాండ్. 1939లో సోవియట్ దాడికి గురై, కరేలియాలో చాలాభాగం పోగొట్టుకుంది. నాలుగు లక్షలమందికి పైగా ఇళ్లు వదిలి వచ్చారు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక దశాబ్దాలపాటు సైనిక కూటములకు దూరంగా ఉన్నా, తన జాగ్రత్త తాను మానలేదు. హెల్సింకీలో ఇటాకెస్కస్ ఈతకొలనును కొండరాయి తొలిచి కట్టారు. మామూలు రోజుల్లో పిల్లలు ఈదే ఆ చోటే, యుద్ధమొస్తే వేలమంది తలదాచుకునే ఆశ్రయం. 2022 మేలో నాటోకు దరఖాస్తు పెట్టడానికి కొద్ది రోజుల ముందే, ఈలోగా దాడి జరిగితే ఆదుకుంటామని బ్రిటన్ సంతకం చేసి హామీ ఇచ్చింది. 2023 ఏప్రిల్ 4న సభ్యత్వం వచ్చింది. ఈసారి మిత్రదేశాలు మాటకూ చేతకూ మధ్య ఎడం ఉంచలేదు.

అలాగని ఆ సభ్యత్వానికి మూల్యం లేకపోలేదు. రష్యాతో నాటో సరిహద్దు రెట్టింపుకు మించి పెరిగింది. 2024లో స్వీడన్ కూడా చేరడంతో బాల్టిక్ తీరంలో రష్యా తప్ప మిగతా దేశాలన్నీ నాటోవే అయ్యాయి. అదే ఏడాది రష్యా లెనిన్‌గ్రాడ్ సైనిక జిల్లాను మళ్లీ ఏర్పాటు చేసింది. ఒకరి రక్షణ ఎదుటివారికి ముప్పుగా కనిపిస్తుంది. ఆ భయాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

అమ్ములూ, రేపు నువ్వు ఏ హోదాలో ఉన్నా ఒకటి పాటించు. ఎవరికైనా అండగా ఉంటానని చెప్పేముందు, ఆ మాట కోసం ఏం వదులుకోగలవో తేల్చుకో. సిద్ధంగా లేకపోతే మొహమాటపడక కాదని చెప్పు. వాళ్లు తమ దారి తాము చూసుకుంటారు. ఒకసారి సరే అన్నాక మాత్రం వెనక్కి తగ్గకు.

ఆశీస్సులతో,
తాతయ్య