తిరిగిన బండి, నిలిచిన బండి

పలకరాతికి పేరొందిన మార్కాపురం పరిసరములందు, తర్లుపాడు మొదలగు గ్రామములవారు సెకండ్‌హ్యాండ్ లారీ కొనదలచినపుడు ఒక సంశయమునకు లోనగుట సహజము: ఏండ్లు గడిచినను కిలోమీటర్లు తక్కువ తిరిగిన బండియా, లేక నిన్నమొన్నటిదైనను దేశమంతయు చుట్టివచ్చిన బండియా?

మీటరు చూపు అంకె సత్యమే కావచ్చును గాని, సంపూర్ణసత్యము కాదు. (దానిని వెనుకకు త్రిప్పు ప్రజ్ఞావంతుల సంగతి వేరు!) గనిలో రాతిబరువుతో మొదటి గేరులోనే ఎగబ్రాకుచు, లోడు కొరకు ఇంజను ఆపకయే గంటలకొలది వేచియుండిన లారీ పది కిలోమీటర్లలో పడిన శ్రమను, చదునైన హైవేమీద ఏకవేగముతో సాగిన లారీ అంతకు ఎన్నోరెట్ల దూరమునకును పడకపోవచ్చును. ఇక చెట్టుక్రింద కదలక నిలిచిన బండి విశ్రాంతి పొందుచున్నదని భ్రమపడరాదు. రబ్బరు గొట్టములు బీటలు వారును, బ్రేకు సిలిండర్లు తుప్పుపట్టును, డీజిలు ట్యాంకులో నీరు చేరును. టైరుప్రక్కన ముద్రించిన నాలుగంకెలను చూడుడు: 2319 అనగా 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని అర్థము, అరుగుదల లేని టైరు సైతము ముసలిదే కావచ్చును.

ఎనిమిదేండ్లు దాటిన రవాణావాహనమునకు ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఏటేట పొందవలెను. అంతవరకు రెండేండ్లకొకసారి చాలును. కొత్తబండికిని ఖర్చు తప్పదు: 2020 ఏప్రిలు నుండి వచ్చిన బీఎస్-6 కాలుష్యప్రమాణపు లారీలలో పెక్కింటికి యూరియా ద్రావణపు ఖర్చు అదనము.

సర్వీసు రసీదులు సక్రమముగా చూపగలిగినచో, హైవేమీద తిరిగిన కొత్త బండికే నా ఓటు. చూపలేనిచో రెండింటిని విడిచి, నమ్మకమైన మెకానిక్కును వెంటబెట్టుకొని మూడవదానిని చూడుడు.