ఎవరో పిలిచే ఉంటారు



ఇరవై యేళ్ళ క్రిందటి మాట. గుడివాడ ప్రాంతంలో ఒక విచారణలో సహాయ గురువుగా ఉన్న రోజులు. మండు వేసవి, పడమటి గాలి. మధ్యాహ్నం రెండున్నర వేళ పేటలో ఒక తాటాకు పాకకు నిప్పంటుకొంది. ఉపదేశిగారు రొప్పుతూ వచ్చి చెప్పగానే గుడి గంట కొట్టించాను. ఆడా మగా బిందెలతో కాలువకు పరుగెత్తారు. నేనూ అంగీ పైకి దోపుకొని వారితో కలిసి నీళ్ళు మోశాను.

ఫైరింజను వచ్చేసరికి తొమ్మిది పాకలు బూడిదయ్యాయి. కుర్రవాళ్ళు ఆ సిబ్బందిని చుట్టుముట్టి నోటికి వచ్చినట్లు తిట్టారు. ఆపవలసిన నేనే "ఇదేనా రావటం?" అని గద్దించాను. వారిలో పెద్దాయన బదులు చెప్పలేదు. గొట్టం విప్పుతూ, "లోపల ఎవరైనా ఉన్నారా ఫాదర్ గారూ?" అని మాత్రం అడిగాడు. మాలో ఒక్కరం కూడా జవాబు చెప్పలేకపోయాం. చివరి పాకలో పక్షవాతంతో మంచాన పడి ఉన్న ముసలమ్మ ఉంది. కోడలు తెచ్చి ఉంటుందని కొడుకు, ఇరుగుపొరుగువారు తెచ్చి ఉంటారని కోడలు అనుకొన్నారు. ఆమెను ఎవరూ తేలేదు.

సాయంత్రం ఆ పెద్దాయన నెమ్మదిగా అన్నాడు: "మాకు ఫోను వచ్చింది మూడూ పదికండి. వెంటనే బయలుదేరాం." నలభై నిమిషాలు! ఊరంతా 'ఎవరో పిలిచే ఉంటారు' అనుకొంది. నా జేబులో సెల్‌ఫోను ఉంది. నేను గంట కొట్టించానే గాని ఫోను చేయలేదు.

దివ్యబలిపూజ ప్రారంభంలో పాపాలు ఒప్పుకొనేటప్పుడు, చేసినవాటితోపాటు చేయవలసి ఉండి చేయనివాటినీ మనం ఒప్పుకొంటాం. ఆ రోజు మొదలు ఆ మాట దగ్గర నా గొంతు పట్టుకొంటుంది. పెద్ద గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివేటప్పుడు అక్వినాసు పురి పునీత తోమాసుగారి బోధ వల్లె వేశాను. వివేకానికి మూడు మెట్లు: ఆలోచించటం, నిర్ణయించటం, ఆచరణకు పురికొల్పటం. మూడవదే ముఖ్యమని ఆయన బోధ. పరీక్షలో రాశాను. పేటలో తప్పాను.

ప్రియ విశ్వాసులారా, అపోస్తలుల కార్యములు 27వ అధ్యాయం ఒకసారి తీరికగా చదవండి. సముద్రం ఒడ్డున బ్రతికే మన దివిసీమ, బందరు వారికి అది బాగా అర్థమవుతుంది. ప్రయాణం ప్రమాదమని పునీత పౌలుగారు ముందే హెచ్చరించారు. శతాధిపతి మాత్రం ఓడ యజమాని మాటే విన్నాడు. తుపాను పట్టుకొంది. నావికులు చిన్న పడవ దించి తమ దారి తాము చూసుకోబోయారు. అప్పుడు పౌలుగారు ఊరకే ప్రార్థిస్తూ కూర్చోలేదు. ఆ సంగతి శతాధిపతికి చెప్పారు, సైనికులు తాళ్ళు కోసివేశారు. పౌలుగారు అందరిచేతా అన్నం తినిపించారు. ఈత వచ్చినవారు ముందు దూకారు, రానివారు చెక్కలు పట్టుకొని ఒడ్డు చేరారు. 276 మందిలో ఒక్కరూ నశింపలేదు. దేవుడు వాగ్దానం చేశాడు, దానిని నెరవేర్చటానికి ఒక అధికారినీ, సైనికులనూ, చెక్కముక్కలనూ వాడుకొన్నాడు.

1977 నవంబరు 19 మన పెద్దలు మరువలేని దినం. ఉప్పెన దివిసీమను ముంచివేసింది. దాదాపు పదివేలమంది మరణించారు. 1990 మే 9న మళ్ళీ అంతటి తుపాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. ఈసారి మృతులు వెయ్యిమంది వరకే. ఆ వెయ్యిమందీ మనకు దుఃఖమే. కాని హెచ్చరిక ముందుగా అందింది, పోలీసులు, రెవెన్యూవారు ఊళ్ళు ఖాళీ చేయించి లక్షలమందిని తరలించారు. గొడ్డూ గోదా విడిచి రామని మొండికేసినవారిని బ్రతిమాలి, కసిరి, చేయి పట్టుకొని తీసుకొనివెళ్ళిన కానిస్టేబులును ఆనాడు ఎందరు తిట్టుకొన్నారో! ఆ చేయి, నీటిలో మునిగిపోతున్న పేతురు వైపు చాచిన ప్రభువు చేతికి దూరపు చుట్టం కాదా?

"పోలీసులతో మనకెందుకు ఫాదర్, కేసు మెడకు చుట్టుకొంటుంది" అని మీరనవచ్చు. రోడ్డు మీద గాయపడినవాణ్ణి చూసి తప్పుకొని వెళ్ళటానికి మనం చెప్పుకొనే సాకు ఇదే. ఆ సాకు ఇక చెల్లదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశాల వలన, 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ వలన, సహాయం చేసినవానికి రక్షణ ఉంది. ఇష్టం లేకుంటే పేరు చెప్పనక్కరలేదు, సాక్ష్యానికి రమ్మని బలవంతం చేయరాదు. ఆ చట్టంలో అతనికి ఇచ్చిన పేరేమిటో తెలుసా? 'మంచి సమరీయుడు'! క్రైస్తవేతరులు ఎక్కువగా ఉన్న మన దేశపు చట్టం సువార్తలోని పేరు పెట్టుకొంటే, సువార్త వినే మనం పక్కకు తప్పుకొని పోవచ్చునా? ఆ సమరీయుడు కూడా అంతా తానే చేయలేదు. కట్టు కట్టాడు, సత్రానికి చేర్చాడు, చూసుకొనేవానికి అప్పగించాడు.

ఈ ఆదివారం జపమాల అయ్యాక ప్రతి కుటుంబం పది నిమిషాలు కూర్చోండి. 100, 101, 108 నంబర్లు, అన్నిటికీ కలిపి ఇప్పుడున్న 112, పిల్లలచేత కంఠతా పట్టించండి. ఫోను చేస్తే ఊరు, పేట, తెలిసిన గుర్తు, లోపల మనుషులున్నారా, గ్యాసుబండ ఉందా అన్నది చెప్పాలి. ఒకరు రోడ్డు మీద నిలబడి దారి చూపాలి. కరెంటు ఆపించాలి. కాలువలో ఎవరైనా పడితే ఈత వచ్చినా తొందరపడి దూకవద్దు. మునిగేవాడు పట్టుకొంటే ఇద్దరూ పోతారు. గెడకర్ర, తాడు, మూత బిగించిన ఖాళీ డబ్బా, ఏదీ లేకుంటే చీర విసరండి. అన్నిటికంటె ముందు, మంచాన ఉన్న అమ్మమ్మను, తాతయ్యను ఎవరు తీసుకురావాలో పేరు పెట్టి నిర్ణయించండి. 'ఎవరో' అనే మనిషి ఏ ఇంట్లోనూ లేడు.

నాటి సాయంత్రం ఆ పెద్దాయనకు క్షమాపణ చెప్పాను. ఆయన మసిబారిన చేతులు జోడించాడు, అంతే. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో మంటలార్పుతూ 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలర్పించారు. ప్రతి ఏటా ఆ తేదీన మొదలయ్యే వారోత్సవం వారి జ్ఞాపకార్థమే. ఆ వారంలో వచ్చే ఆదివారం విశ్వాసుల ప్రార్థనలో మీ ఊరి ఫైర్ స్టేషను వారిని, పోలీసులను మరువకండి. ఆ ముసలమ్మ ఆత్మశాంతికై కూడా ఒక పరలోక జపం చెప్పండి.

ప్రభువు మిమ్మును, మీ ఇంటివారిని ఆశీర్వదించును గాక. ఆమెన్.