న్యాసఖడ్గము

ఇరుగుపొరుగువారికి అర్జీలు వ్రాసిపెట్టుట ఉపాధ్యాయవృత్తిలో జీతము లేని భాగము. ఆదోనిలో నేనున్న వీథివారి రేషను కార్డులు, పింఛనులు, పొలము తగాదాలు ఎన్నియో నా చేతిమీదుగా పోయినవి. వానిలో దేనిని వ్రాయుటకును నా కలము వెనుదీయలేదు. ఒక్క అర్జీ మాత్రము నన్ను నెలల తరబడి వేధించుచున్నది. మా యెదురింటి వృద్ధుడు తన తుపాకి లైసెన్సును కుమారుని పేరునకు మార్పించవలెననియు, అందులకు ఇంగ్లీషులో అర్జీ వ్రాసియిమ్మనియు నన్ను కోరెను.

ఆయన పూర్వము సైన్యములో హవల్దారు. పింఛను పుచ్చుకొన్న పిదప, మాజీ సైనికులలో అనేకులు చేయునట్లే, సొంత లైసెన్సుపై రెండు గొట్టముల తుపాకి నొకదానిని కొని, దానిని భుజమున వేసికొని మొదట ఒక బ్యాంకు గుమ్మమునను, తరువాత ప్రత్తి వ్యాపారుల గిడ్డంగులవద్దను కావలి కాచెను. ప్రత్తియు రొక్కమును చేతులు మారు ఊరిలో అట్టివానికి పని దొరకుట కష్టము కాదు. ఇన్నేండ్లలో ఆ తుపాకి మనుష్యునిమీద గాని మృగముమీద గాని ప్రేలలేదు. ఇప్పుడాయనకు 70 ఏండ్లు నిండినవి. లైసెన్సుదారునకు 70 ఏండ్లు నిండినను, లేక ఆయుధము అతనియొద్ద 25 ఏండ్లున్నను, వారసుని పేర లైసెన్సు కోరుటకు 2016 నాటి ఆయుధ నియమములు వీలు కల్పించినవి. కనుక ఆయన కోరిక న్యాయవిరుద్ధము కాదు. చిక్కు నాది.

ఆ చిక్కును తెలుపవలెనన్న ఆయన ఆదివారములను తెలుపవలెను. ఉదయము ఎనిమిది గంటలకు ఆయన తన పడసాలలో పాత ఎమ్మిగనూరు నేత దుప్పటి పరచును. పిల్లలను తన వీపువైపునకు పంపివేయును. తూటాలు వేరొక గదిలో తాళము వేసిన పెట్టెలో నుండును. ఆ గంటసేపు ఆ పెట్టె తెరువబడదు. తుపాకిని నడుమ విరిచి రెండు గొట్టముల వెనుక రంధ్రములను చూచును. చూచినది చాలక చిటికెనవ్రేలు పెట్టి తడవి "ఖాళీ" అని పైకి పలుకును. వినువారెవరును లేకున్నను పలుకును. పిమ్మట గొట్టముల క్రింది చెక్కను ఊడదీయును. గొట్టముల జంట మడమనుండి వేరుపడును. ఆ మూడు ముక్కలను ఊడదీసిన వరుసలోనే దుప్పటిపై పరచును. కడ్డీ కొనకు గుడ్డపీలిక తగిలించి గొట్టములో నడిపించును. నల్లగా వచ్చిన పీలికను పారవేసి మరియొకటి. అది తెల్లగా వచ్చువరకు. తరువాత నూనె పూసినది ఒకటి, మిగిలిన నూనెను తీసివేయుటకు పొడిది ఒకటి. కడపట గొట్టమును ఆకాశమువైపున కెత్తి ఒక కన్ను మూసి చూచును. లోపల వెలుగు గాజులు వరుసగా పేర్చినట్లు కనబడవలెను. ఎక్కడనైన మచ్చ తోచెనా, మరల మొదలు.

"ఇదేం తుపాకి సారూ, మూడు ముక్కలు! మేము మోసింది ఎస్సెల్లారు" అని ఆయన నవ్వును. 1962 చైనా యుద్ధమున మన సైనికులలో పెక్కుమంది పాత 303 తుపాకులతోనే పోరాడిరి. దానిలో గుండు ప్రేలిన ప్రతిసారియు గడియను చేతితో లాగి నెట్టవలెను. ఆ పిదప మన ఇషాపూరు కర్మాగారమునుండి వచ్చిన రైఫిలు తనంతట తాను నింపుకొనునది, 7.62 మిల్లీమీటర్ల గుండ్లు, పెట్టెకు 20. గుండు ప్రేలినప్పుడు పుట్టిన వాయువులో కొంత గొట్టముమీది చిన్న రంధ్రముగుండ మరలి పిస్టనును వెనుకకు నెట్టును. ఆ త్రోపుతో ఖాళీ డొల్ల బయటబడి క్రొత్త గుండు లోనికెక్కును. మీట నొక్కినప్పుడు ఒక్క గుండే పోవును గాని, చేయి గడియను ముట్టనక్కరలేదు. అయితే ఆ వాయువే తన మసిని పిస్టనుమీద వదలిపోవును. ప్రేలినకొలది మురికి, మురికియైనకొలది మొరాయింపు. మనుష్యుని శ్రమను యుద్ధభూమిలో తగ్గించిన యంత్రము బ్యారక్కులో వానిచేత రెట్టింపు తుడుపుపని చేయించుకొనుచున్నదన్నమాట. కన్నులు మూసికొని దానిని విప్పి, తుడిచి, మరల కూర్చుట ఆయనకు దినచర్య. అట్టి రైఫిలును చట్టము సామాన్య గృహస్థుని చేతికీయదు. ఆయనతో ఇంటికి వచ్చినది ఆ తుడుచు అలవాటొక్కటే.

ఈ అలవాటును నేను చాలకాలము మెచ్చికొంటిని. నా తరగతిలో వ్రాతపుస్తకమునకు అట్ట వేయనివారు, కలమునకు మూత పెట్టనివారు సగముమంది. ఇచ్చట ఒక వృద్ధుడు, ఎవరును అడుగకున్నను, ఒక యినుపగొట్టము లోపలి భాగము నిష్కళంకముగా నుండవలెనని గంటసేపు వంగి కూర్చుండును. ఇది సద్గుణము కాదా? తరువాత సందేహము కలిగెను. దొంగ తన కన్నపుకోలను ఇట్లే నునుపు చేసికొనినచో దానిని శుచిత్వమందుమా? నిగ్రహము, ప్రశాంతమైన ఆలోచన మొదలగునవి సహితము దుష్టునియందున్నచో వానిని మరింత భయంకరుని చేయునని జర్మను తత్త్వవేత్త కాంటు చెప్పెను. ఆ మాట మా యెదురింటాయనకు వర్తింపదు. ఆయన దుష్టుడు కాడు. మంచివాని శ్రద్ధ ప్రాణము తీయు వస్తువుపై నిలిచినప్పుడు ఆ శ్రద్ధ వస్తువును మంచిదానిని చేయునా, లేక వస్తువే ఆ శ్రద్ధను తనవైపునకు లాగికొనునా అన్నది నా ప్రశ్న.

దీనిని మనకంటె ముందు సీత యడిగినది. వాల్మీకి అరణ్యకాండమున తొమ్మిదవ సర్గమున ఆమె రామునకొక కథ చెప్పును. ఒక వనమున సత్యవ్రతుడగు తాపసి యుండెను. ఆయన తపస్సును చెరచుటకు ఇంద్రుడు యోధుని వేషమున వచ్చి, ఒక ఖడ్గమును న్యాసముగా, అనగా మరల తీసికొనునట్లు దాచిపెట్టుమని, అప్పగించి పోయెను. తాపసి ఆ సొమ్ము పోవునేమోయని, పండ్లకును దుంపలకును పోవునప్పుడు సైతము దానిని వెంట గొనిపోయెను. దినదినము మోయుటచే క్రమముగా బుద్ధి క్రూరమై, తపస్సు వదలి, కడకు నరకమునకు పోయెను. రాముడు ఆ కథను కాదనలేదు; ఆర్తులైన మునులకు తానిచ్చిన మాటను చెప్పెను.

ఈ కథను విద్యార్థిదశలో చదివినప్పుడు ఆయుధము చెడ్డదను నీతి మాత్రమే నాకు కనబడెను. ఇప్పుడు వేరొకటి కనబడుచున్నది. ఆ తాపసిని చెరచినది లోభము కాదు, కోపము కాదు. అప్పగించిన వస్తువును పోగొట్టరాదను నిజాయితీయే ఆయనను చెరచినది. ఇంద్రుడు ఆయనలో దుర్గుణమును వెదకి శ్రమపడలేదు. ఉన్న సద్గుణమునకే పని కల్పించెను.

ఒక ఆదివారము ఈ కథనంతయు ఆయనకు వినిపించితిని. ఆయన పీలికను కడ్డీకి తగిలించుచు వినెను.

"ఆ ముని ఎప్పుడన్నా ఆ కత్తిని తీసి తుడిచినాడా సారూ?"

"కథలో లేదు మామా."

"అదే మరి! మోసినాడు గానీ చూసుకోలేదు. మోసేవానికి అది ఎప్పుడూ కత్తే. విప్పేవానికి అది వారానికొకసారి ఇనుము, కట్టె. ఇదిగో, ఇప్పుడు దీంతో పిట్టనైనా కొట్టగలనా?"

నేను నిరుత్తరుడనైతినని చెప్పుటకు సిగ్గుపడను. మిళిందరాజు రథమును గూర్చి నాగసేనుడు అడిగిన ప్రశ్న జ్ఞప్తికి వచ్చెను: చక్రము రథమా, ఇరుసు రథమా, నొగలు రథమా? దుప్పటిమీద మూడు ముక్కలున్నవి, తుపాకి యెక్కడ? విప్పుట యనునది భయమును గూడ విప్పును. తుపాకిని దేవతవలె బీరువాలో పెట్టి చూచుకొనువానికంటె దాని మసిని గోళ్లలో నెక్కించుకొన్నవాడు దానిని తక్కువగా పూజించునేమో.

అయినను సమాధానము పూర్తి కాలేదు. నాగసేనుడు రథమును మరల కూర్చి రాజునకీయలేదు, మామ కూర్చుచున్నాడు. అదియును గాక, 2024లో మే 13 నాటి ఎన్నికలకు ముందు లైసెన్సు తుపాకులు ఠాణాలో అప్పగింపవలసి వచ్చినప్పుడు ఆయన పడిన అవస్థను నేను చూచితిని. ఆదివారము ఎనిమిది గంటలకు దుప్పటి పరచి, ఏమియు లేక, మరల మడిచిపెట్టెను. తుపాకి తిరిగి వచ్చిన దినమున గొట్టము మూతివద్ద గింజంత తుప్పు కనబడెను. దానిని బొటనవ్రేలితో తడవుచు ఆయన కంట నీరు పెట్టుకొనెను. మనుమడు జ్వరముతో పండుకొన్న నాడుకూడ అట్టి ముఖమును నేను చూడలేదు. తాపసి దుంపలకు పోవుచు వెనుకకు తిరిగి చూచుకొన్నది ఇట్లే యుండునా యని తోచినది.

మా ప్రాంతమున ఈ ప్రశ్న పుస్తకములలోనిది కాదు. 1800లో దత్తమండలములు కుంఫిణీ వశమైననాడు ఇచ్చట 80 మంది వరకు పాళెగాండ్రు, వారి వెంట సాయుధ బలగములు నుండిరి. కలెక్టరు మన్రో వారిని అణచుటకే మొదట పూనుకొనెను. 1878లో లిట్టను ప్రభుత్వము చేసిన ఆయుధచట్టము యూరోపియనులను మినహాయించి భారతీయుని లైసెన్సునకు కట్టివేసినందున, తుపాకి కలిగియుండుట ఒకానొకప్పుడు ఆత్మగౌరవ ప్రశ్నయు నయ్యెను. ఆ అవమానమును మరువుమని నేననను. కాని స్వతంత్రులమైన తరువాత మన సీమలో కక్షల పేర పారిన రక్తము లైసెన్సు తుపాకులకంటె నాటుబాంబులకును వేటకొడవళ్లకును ఎక్కువగా తెలిసినది. హొళగుంద మండలమున దేవరగట్టులో విజయదశమి రాత్రి దేవుని ఉత్సవమూర్తులకొరకు ఊళ్లు ఊళ్లతో కర్రలు పట్టి కొట్టుకొనుట ఏటేట జరుగుచునే యున్నది. తలలు పగులుచునే యున్నవి. ఆ కర్రకు లైసెన్సు అక్కరలేదు, విప్పుటకు అందులో ముక్కలును లేవు. ఆ మునుపటి దినము, మహర్నవమినాడు, ఎమ్మిగనూరులో నేతగాడు మగ్గము తుడిచి పసుపు కుంకుమలుంచును. మన భాష ఆ మగ్గపు పూజకును ఆయుధపూజ యనియే పేరు పెట్టినది. ఒకే మాట క్రింద నాడెయు కొడవలియు చేరియుండగా పిల్లవానికి వాని భేదమును చెప్పవలసిన భారము మనమీద పడుచున్నది.

మామ కుమారుడు ఆ ఎమ్మిగనూరులోనే గుడ్డల దుకాణము నడుపుచున్నాడు. చెడ్డవాడు కాడు. తుపాకి యెందుకని నేనడుగగా, "ఇంట్లో ఒకటుంటే విలువ సారూ" అనెను. దొంగల భయమని చెప్పియున్నచో నా కలము కదలెడిదేమో. విలువకొరకు కొన్న తుపాకి పెండ్లి ఊరేగింపులో బయటికి వచ్చును. అట్టి వేడుకకాల్పులు ఎవరి ప్రాణము మీదికో తెచ్చుచున్నవనియే 2019 సవరణ వానిని రెండేండ్ల వరకు జైలు శిక్షకు తగిన నేరము చేసినది. ఒకనికి మూడు తుపాకులుండవచ్చునన్నదానిని రెంటికి తగ్గించినదియు ఆ సవరణయే. తుపాకిని అంగీకృత వర్తకునకు అమ్మివేయవచ్చునుగదా యని మామతో అంటిని. ఆయన చాలసేపు మాటాడలేదు. తరువాత తానే ఒక షరతు పెట్టెను: కొడుకు పది ఆదివారములు వచ్చి, తన యెదుట తుపాకి విప్పి తుడిచి కూర్చవలెను, ఆ పిమ్మటనే నేను అర్జీ వ్రాయవలెను.

మొదటి ఆదివారము కుమారుడు తెల్లచొక్కాతో వచ్చి, తుపాకిని భుజమున పెట్టుకొని సెల్‌ఫోనులో ఫోటోలు తీయించుకొనెను. "ఖాళీ" అని పలుకుమన్న తండ్రికి నవ్వు సమాధానమిచ్చెను. రెండవ ఆదివారము చేతులకు మసి అంటగా, "దీన్ని తుడిచిపెట్టేవాళ్లు యాడా ఉండరా నాయనా?" అనెను. మూడవ ఆదివారము దుకాణములో పని యని ఫోను వచ్చినది. ఇప్పటికి ఏడు వారములైనది.

"రాయొద్దులే సారూ ఇప్పుడే" అని మామ అనెను. అర్జీ చిత్తుప్రతి నా అమరకోశము పుటల నడుమ నున్నది.

అయితే ఈలోగా వేరొక సంగతి జరిగినది. ఆయన కన్నులకు పొర కమ్మినది. గొట్టములోనికి చూచినచో వెలుగు తప్ప మచ్చ తెలియుటలేదు. గడచిన ఆదివారము "మీరు చూడండి సారూ" అని గొట్టముల జంటను నా చేతికిచ్చెను. అనుకొన్నదానికంటె బరువుగా, చల్లగా నున్నది. ఆకాశమువైపునకెత్తి ఒక కన్ను మూసితిని. వెలుగు గాజులు ఒకదానిలో నొకటి, దూరముగా, అందముగా, కదలక నిలిచియున్నవి. ఎడమ గొట్టమున మూతికి జానెడు లోపల చిన్న మచ్చ యుండెను. చెప్పితిని. మామ మరియొక పీలిక తగిలించెను. మరల చూచితిని, పోలేదు. మూడవసారి పోయినది. ఆ మచ్చ పోయినప్పుడు నాకు కలిగిన తృప్తిని ఇక్కడ దాచను.

వచ్చు ఆదివారమునకు మెత్తని గుడ్డ అయిపోయినదని ఆయన అన్నాడు. నా పాత పంచె యొకటి పెట్టెలో నుండవలెను. రాత్రినుండి వెదకుచున్నాను.