ఎవరిని అడిగాం?

మెడికల్ విద్యార్థులకు ఎమర్జెన్సీ వైద్యంలో మానవతా సూత్రాల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా సోల్ఫెరినోతో మొదలుపెడతాను. 1859లో ఆ యుద్ధంలో గాయపడ్డవాళ్ళకి, పక్కనున్న కాస్టిగ్లియోనే ఊరి ఆడవాళ్ళు మనవాడా పగవాడా అని చూడకుండా కట్లు కట్టారు, నీళ్ళు తాగించారు. వాళ్ళతో కలిసి పనిచేసిన హెన్రీ డ్యూనాంట్ పేరు చరిత్రకెక్కింది. ఆ ఆడవాళ్ళ పేర్లు ఎంతమందికి తెలుసు? (ఇది సిలబస్‌లో లేదు, నేను కలుపుకున్నదే.)

మానవత, నిష్పాక్షికత, తటస్థత, స్వతంత్రత. మా హుజూర్‌నగర్ వైపు పిల్లలకి సిమెంటు లారీలు తిరిగే రోడ్లు తెలుసు కాబట్టి నిష్పాక్షికత తొందరగానే అర్థమవుతుంది. తాగి లారీ నడిపినవాడూ, వాడు గుద్దిన మనిషీ ఒకేసారి వస్తే ఎవరి ప్రాణం ముందు పోయేలా ఉందో వాళ్ళనే ముందు చూడాలి. పోలీసు కాయితాల కోసం ఆగక్కర్లేదని సుప్రీంకోర్టు 1989లోనే పరమానంద్ కటారా కేసులో చెప్పింది.

చిక్కంతా తటస్థత దగ్గరే. "మేడం, మొగుడూ పెళ్ళాల గొడవైతే మనం తటస్థంగా ఉండాలి కదా?" అని ఈమధ్య ఓ అమ్మాయి అడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

నేను హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు ఒక రాత్రి గడ్డిమందు తాగిన పిల్లని తెచ్చారు. ఇరవై ఏళ్ళుంటాయేమో. పారాక్వాట్‌కి విరుగుడు లేదు. నోరు పుండవుతుంది, కిడ్నీలు చెడతాయి, తర్వాత ఊపిరితిత్తులు. మనిషి మాత్రం చాలాసార్లు తెలివిలోనే ఉండి మనల్ని చూస్తుంటుంది. "దగ్గుమందనుకొని పొరపాటున తాగింది" అంది అత్త. భర్త తలూపాడు. కేస్ షీట్‌లో అదే రాశాను. అప్పట్లో ఆత్మహత్యాయత్నం నేరం, అలా రాస్తేనే ఆ పిల్లకి మేలనుకున్నాను. నాలుగు రోజులు రోజూ ఆమె నోరు తెరిపించి చూశాను. ఏమైందమ్మా అని మాత్రం అడగలేదు. ఐదో రోజు పోయింది.

నిజంగా పొరపాటే అయ్యుండొచ్చు. ఆ భర్త దోషి అని నేననడం లేదు. అతనే గుండెపోటుతో వస్తే అదే చేత్తో చూస్తాను, చూడాలి కూడా. కానీ యుద్ధంలో వైద్యులు ఏ పక్షమూ పట్టకపోవడం దేనికి? రెండు వైపుల గాయపడ్డవాళ్ళ దగ్గరికీ వెళ్ళగలగడానికి. నా తటస్థత నన్ను ఆమె దగ్గరికి చేర్చనేలేదు. మంచం పక్కన నిలబడ్డవాళ్ళ మాటే రాయించింది.

అత్యాచార బాధితులకు రెండువేళ్ళ పరీక్ష చెయ్యొద్దని, వైద్యవిద్య పాఠాల్ని ఆ మేరకు సరిచూడాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. అన్నేళ్ళూ మనం నేర్పిన నిష్పాక్షిక శాస్త్రం అలా ఉంది మరి.

ఇప్పుడు క్లాసులో ఒక పని చేయిస్తాను. ఒకరు రోగి, ఇద్దరు బంధువులు. బంధువుల్ని మర్యాదగా బయటికి పంపి, రోగినే అడిగి, ఎవరు చెప్పింది రాస్తున్నారో ఆ పేరు కూడా షీట్‌లో రాయాలి. మొన్న ఓ అబ్బాయి ఆ పనంతా చక్కగా చేసి, చివర్న "క్యాజువాల్టీలో అడ్డం వేసుకోడానికి తెరే ఉండదు కదా మేడం, అందరూ వింటుంటే ఆమె ఎట్ల చెప్తది?" అన్నాడు.

ఆ తెర గురించి ఇంకా నలుగురినీ అడుగుతూనే ఉన్నాను.