సర్దడం, సర్దుకుపోవడం

సాయం తీసుకునే మనిషికి, ఆ సాయం ఎలా చెయ్యాలో చెప్పే హక్కు ఉంటుందా? నీతి గురించి మనం చదివిన చర్చలన్నీ దాదాపుగా సాయం చేసేవాళ్ళ వైపు నుంచే సాగుతాయి. ఎవరికి చెయ్యాలి, ఎంతవరకు చెయ్యాలి, ప్రతిఫలం ఆశించవచ్చా. తీసుకునే మనిషి ఆ చర్చల్లో చేతులు జోడించి నిలబడి ఉంటుంది, మాట్లాడదు. ఆ మనిషి నోరు విప్పితే ఏమవుతుందన్నది నా ప్రశ్న. దాన్ని చాలా మామూలు చోటు నుంచి అడుగుతున్నాను. ఒక చక్రాల కుర్చీని మడిచి కార్లో పెట్టే ఐదు నిమిషాల నుంచి.

నేను చక్రాల కుర్చీలో తిరిగే స్త్రీని. ఉండేది ఏలూరు. సాహిత్య పరిశోధన నా పని కాబట్టి తాడేపల్లిగూడెంలో సదస్సులకీ, కొల్లేటి లంక గ్రామాల్లో స్త్రీలు పాడుకునే పాటలు వినడానికీ తరచుగా వెళుతుంటాను. ప్రతి ప్రయాణంలోనూ నేను కుర్చీలోంచి ముందు సీట్లోకి జరిగి కూర్చుంటాను. ఆ తర్వాత నా కుర్చీ నాకు కనిపించదు. నా వెనక ఎక్కడో, వేరొకరి చేతుల్లో ఉంటుంది. చప్పుళ్ళు మాత్రం వినిపిస్తాయి. ఇనుము ఇనుముకి తగిలిన చప్పుడు, ఏదో గీసుకున్న చప్పుడు, డిక్కీ మూత మూసుకోక మళ్ళీ గట్టిగా వేసిన చప్పుడు.

ఈ పనికి ఒక పద్ధతి ఉంది. అమ్మా నేనూ కొన్నేళ్ళుగా చేస్తూ చేస్తూ నేర్చుకున్నది. కూర్చునే మెత్త ముందు తీసి నా ఒళ్ళో పెట్టుకుంటాను, ఎండలో డిక్కీ వేడికి అది పాడవుతుంది. కాళ్ళు పెట్టుకునే పలకలు ఊడదీసి విడిగా గుడ్డలో చుట్టాలి. సీటు గుడ్డని మధ్యలో పట్టి పైకి లాగితే కుర్చీ దానంతటదే మడతపడుతుంది, బలవంతం చెయ్యకూడదు. ఎత్తేటప్పుడు ఫ్రేము గొట్టాలనే పట్టుకోవాలి. చేతులు ఆన్చుకునే భాగం పట్టుకుని ఎత్తితే అది ఊడి చేతికొస్తుంది, కుర్చీ కాలి మీద పడుతుంది. చక్రాన్ని పట్టుకుంటే తిరిగిపోతుంది. కింద మందపాటి గుడ్డ పరవాలి. మేం ఏలూరు తివాచీ ముక్కొకటి వాడతాం, దాని మీద కుర్చీ జారదు. పైన ఇంకే సామానూ పెట్టకూడదు. కొల్లేరు వైపు వెళ్ళొస్తే ఆ నల్లమట్టిని అప్పటికప్పుడే కడిగి తుడవాలి. ఎండి గట్టిపడితే ముందు చిన్న చక్రాలు తిరగవు.

ఇదంతా చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. వినడానికే ఎవరికీ తీరిక ఉండదు.

గత ఏడాది వర్షాకాలంలో తాడేపల్లిగూడెం వెళ్ళాల్సి వచ్చింది. వచ్చిన అద్దె కారు డిక్కీలో గ్యాస్ సిలిండర్ ఉంది. కుర్చీని పైన క్యారియర్ మీద కట్టాలి. తాడు చక్రాల స్పోకుల మధ్యనుంచి పోనివ్వొద్దనీ, ఫ్రేముకి కట్టమనీ చెప్పాను. "మాకు తెలుసండి, రోజూ కట్టేదే" అన్నాడు డ్రైవరు. మళ్ళీ చెప్పాను. పక్క అరుగు మీదున్న పెద్దాయన కల్పించుకున్నారు. "ఏమ్మా, సాయం చేస్తంటే వంకలు పెడతావేంటి? కాస్త సర్దుకుపోవాలి." తాడు స్పోకుల మధ్యనుంచే బిగిసింది. సుమారు యాభై కిలోమీటర్లు ప్రయాణించి దిగేసరికి కుడి చక్రం రిమ్ము వంగిపోయింది. తోస్తే కుర్చీ ఒక పక్కకే లాగుతోంది, ఆ పక్క బ్రేకు పట్టడం లేదు.

తర్వాత సైకిల్ షాపులో బెండు తీయించాం. డబ్బు లెక్కన పెద్ద నష్టమేమీ కాదు. కానీ ఆ రోజు టీ విరామంలో ఎవరి దగ్గరికి వెళ్ళాలో, ఎవరి మాటల్లోంచి తప్పుకోవాలో నేను నిర్ణయించుకోలేకపోయాను. ఎవరో మంచిమనసుతో నన్ను తోసుకెళ్ళి ఒక గోడ పక్కన పెట్టారు. అవును, పెట్టారు. మనుషుల విషయంలో వాడే క్రియ కాదది.

అయితే కుర్చీ సామానా, శరీరమా? దీని చరిత్రలోనే ఈ చిక్కు ఉంది. 1918లో గని ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిన్న అమెరికన్ ఇంజనీరు హెర్బర్ట్ ఎవరెస్ట్, తన మిత్రుడు హ్యారీ జెన్నింగ్స్‌తో కలిసి 1933లో ఉక్కు గొట్టాలతో మడత కుర్చీ తయారు చేశాడు. అంతకు ముందరి బరువైన కుర్చీలు కార్లో పట్టేవి కావు. మడతపడబట్టే కుర్చీ కారెక్కింది, దాని మనిషి ఊరు దాటగలిగింది. కానీ అలా మడతపడబట్టే అది మూటా ముల్లెతో పాటు సర్దేసే వస్తువులా కనిపిస్తోంది. ఫ్రెంచి తాత్వికుడు మెర్లో పోంటీ 1945లో రాసిన గ్రంథంలో గుడ్డివాని చేతికర్ర గురించి చెప్తాడు. అలవాటైన కర్ర అతనికి ఇక వస్తువు కాదు, అతని స్పర్శ కర్ర చివరిదాకా సాగుతుంది. నా అనుభవంలో అది నిజం. గచ్చు మీద ఇసుకుంటే నాకు చక్రాల్లోంచి తెలుస్తుంది.

మన చట్టం కూడా ఈ మాటకి దగ్గరగా వచ్చింది. 2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, 92వ సెక్షన్‌లో ఒక నేరాన్ని నిర్వచించింది. వైకల్యం ఉన్న వ్యక్తి అవయవాన్ని గానీ, ఇంద్రియాన్ని గానీ, సహాయక పరికరాన్ని గానీ కావాలని దెబ్బతీసినా, దాని వాడకానికి అడ్డుపడినా ఆరు నెలల నుంచి ఐదేళ్ళ దాకా జైలుశిక్ష. అవయవమూ పరికరమూ ఒకే వాక్యంలో పక్కపక్కన ఉన్నాయి. వాటిని వేరు చేస్తే ఏమవుతుందో తెలియాలంటే 2021 నాటి ఒక ఉదంతం చాలు. అమెరికాలో వికలాంగుల హక్కుల కోసం పనిచేసిన ఎంగ్రేసియా ఫిగరోవా తన శరీరానికి సరిపడేలా చేయించుకున్న మోటారు కుర్చీ, ఆ ఏడాది జూలైలో విమాన ప్రయాణంలో ధ్వంసమైంది. సరిపడని కుర్చీలో గంటల తరబడి కూర్చోవడంతో ఒరుపు పుండు ఏర్పడి, అది ముదిరి ఆమె అక్టోబర్ 31న చనిపోయిందని ఆమె పనిచేసిన సంస్థ ప్రకటించింది. పెద్దాయన 'వంక' అన్నది ఇలాంటి చోట ప్రాణానికి సంబంధించిన మాట.

అయినా చట్టం 'కావాలని' చేసినదాన్నే శిక్షిస్తుంది. మా డ్రైవరు కావాలని చెయ్యలేదు. నిర్లక్ష్యం కూడా అనలేను, అతను బలంగానే కట్టాడు. అతను చెయ్యనిది ఒక్కటే, వినడం. చట్టం చేరలేని ఆ చోటే నీతికి సంబంధించిన చోటు.

ఇక్కడ స్త్రీవాదం నాకు అక్కరకొస్తుంది. ఇంటిపనిలో భర్త 'సాయం' చేస్తాడు అన్నప్పుడు ఆ మాటని మనం ఎందుకు ప్రశ్నించాం? పని ఎవరిదో ఆ మాట ముందే తేల్చేస్తుంది కాబట్టి. చేసినవాణ్ణి ఉదారుణ్ణి చేసి, అందుకున్నామెని రుణపడ్డ మనిషిని చేస్తుంది కాబట్టి. రుణపడ్డ మనిషి కూరలో ఉప్పెక్కువైందని అనకూడదు. చక్రాల కుర్చీలో ఉన్న స్త్రీ మీద ఈ రుణం రెండింతలు. ఆడపిల్లగా సర్దుకుపోవడం నేర్పారు, వైకల్యం వచ్చాక కృతజ్ఞతగా ఉండడం నేర్పారు. నా పక్కన నాన్న ఉండి అదే మాట చెప్తే డ్రైవరు తాడు విప్పి మళ్ళీ కట్టేవాడని నా అనుమానం. 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చినప్పటి నుంచీ మన శరీరం గురించి మనమే మాట్లాడతామని తెలుగు స్త్రీలు కవిత్వంలో పోరాడారు. ఆ శరీరానికి రెండు చక్రాలున్నప్పుడు కూడా ఆ మాట వర్తించాలి కదా.

అయితే ఈ వాదాన్ని ఇక్కడే ఆపితే అన్యాయమవుతుంది. చెప్పే నోరు నాదైతే, మోసే నడుము ఇంకొకరిది. పదిహేను కిలోలు దాటిన ఆ కుర్చీని ఎక్కువసార్లు ఎత్తేది అరవయ్యేళ్ళ మా అమ్మ. ఎత్తి దించిన రాత్రి నడుముకి మందు రాసుకుంటుంది. సంరక్షణ చేసేవాళ్ళని ఎవరు చూసుకుంటారని ఈవా కిట్టే 1999లో 'లవ్స్ లేబర్'లో అడిగింది, వైకల్యం ఉన్న కూతురి తల్లిగా. డ్రైవరు సంగతీ అంతే. ట్రిప్పుకింత అని తీసుకుంటాడు, కుర్చీ కట్టినందుకు అదనంగా ఎవరూ ఇవ్వరు, ఎలా కట్టాలో ఎవరూ నేర్పలేదు. డిక్కీలో సిలిండర్ పెట్టుకున్నది ఇంధనం ఖర్చు తట్టుకోలేక. నా హక్కుని అతని శ్రమ మీద పెత్తనంగా మార్చుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే 'సాయం' అనే మాట పోయి 'పని' అనే మాట రావాలంటాను. పనైతే దానికి కూలి ఉంటుంది, నేర్పు ఉంటుంది, సరిగ్గా జరిగిందా అని అడిగే వీలుంటుంది. అడగడం అవమానం కాదు.

అలా జరగడం నేను చూశాను, కొల్లేటి లంకలో. చేపల చెరువు గట్టు దగ్గర కారాగింది, వాన వెలిసి అంతా బురద. అమ్మ ఒక్కతే అవస్థపడుతుంటే చెరువు పని చేసే ఒకావిడ వచ్చి, కుర్చీని ముట్టుకునే ముందు నా వైపు తిరిగింది. "ఎక్కడ పట్టుకోమంటావు పాపా?" చెప్పాను. అక్కడే పట్టుకుంది. ఎత్తే ముందు చక్రాల బురద నీళ్ళతో కడిగింది. డబ్బిస్తే తీసుకుంది, మొహమాటపడలేదు. ఇద్దరం ఒకరికొకరం రుణపడలేదు. తోటి కూలీతో వల పట్టుకుని లాగే మనిషికి, ఎదుటి చెయ్యి ఎక్కడుందో చూసుకుని తన చెయ్యి వెయ్యడం అలవాటై ఉంటుంది.

ఆ ప్రశ్నలో నేను వెతుకుతున్న నీతి అంతా ఉంది. కుర్చీ గురించి నాకు తెలుసని ఆమె ఒప్పుకుంది, బరువు గురించి తనకి తెలుసని నేను ఒప్పుకున్నాను. మంచితనం దానికి సరిపోదు. మంచితనంతోనే నన్ను గోడ పక్కన పెట్టారు. ఎదుటి మనిషికి తన అవసరం తెలుసన్న నమ్మకం ముందు కావాలి.

ఇంకా సర్దుకుపొమ్మనే వాళ్ళున్నారు, ఉంటారు. సర్దాల్సింది డిక్కీలో సామానుని. మనుషుల్ని కాదు, వాళ్ళ నడకనీ కాదు.