పొరుగూరి మైదానములో మన నడత

ఆటలను గూర్చి సంఘ పత్రికలో వ్రాయవలసినది ఏమున్నదని కొందరు పెద్దలు అడుగవచ్చును. ఆట ఆటయే, గెలుపోటములు మరునాటికి మరచిపోవునవియే. అయితే ఆట చూచుటకు పొరుగూరికి పోయి, ఎదుటి పక్షము వారు వేలమంది నడుమ కూర్చుండిన మనిషి ఏమి దాచుకొనును, ఏమి బయలుపరచును అను ప్రశ్న చిన్నది కాదు. ఆ ప్రశ్ననే ఈ నెల మేము మీ యెదుట ఉంచుచున్నాము.

గుంతకల్లు ప్రాంతము వారికి ఇది దూరపు సంగతి కాదు. నలుదిక్కుల రైళ్లు వచ్చి కలియు జంక్షను మనది. వానలు తప్పి వేరుసెనగ చేలు ఎండిపోయిన ఏట మన పల్లెల బిడ్డలు ఎందరో మూటలు కట్టుకొని బెంగళూరు రైలెక్కుదురు. కూలి బెంగళూరులో దొరకును గాని, మనసు తెలుగు మాట వినబడు చోటికే పోవును. అందుచేత ఐ.పి.ఎల్. క్రికెట్టు వచ్చినప్పుడు, బెంగళూరులో అన్నము తినుచున్న మన పిల్లలలో అనేకులు హైదరాబాదు సన్‌రైజర్సు పక్షమున నిలుతురు.

2024 ఏప్రిల్ 15వ తేదీన ఆ రెండు జట్లును బెంగళూరు చిన్నస్వామి స్టేడియములో ఆడెను. హైదరాబాదు వారు 20 ఓవర్లలో 3 వికెట్లకు 287 పరుగులు చేసిరి. అప్పటికి ఐ.పి.ఎల్. చరిత్రలో అంతటి స్కోరు మరియొకటి లేదు. ట్రావిస్ హెడ్ 41 బంతులలో 102 పరుగులు కొట్టెను. బెంగళూరు వారును తగ్గలేదు. 7 వికెట్లకు 262 పరుగుల వరకు వచ్చి, 25 పరుగుల తేడాతో ఓడిరి. వారిలో దినేశ్ కార్తిక్ 35 బంతులలో 83 పరుగులు చేసెను.

ఆ సాయంకాలము నారింజ రంగు చొక్కా తొడుగుకొని, ఎర్ర చొక్కాల నడుమ కూర్చుండిన మన పల్లె కుర్రవానిని ఒకనిని ఊహించుకొనుడి. వాని ముందర మూడు దారులు గలవు.

మొదటిది, చొక్కా మీద మరియొకటి కప్పుకొని, ప్రక్కవారితో పాటు ఎర్ర జట్టునకే జేకొట్టుట. ఇది జాగ్రత్తయా, అబద్ధమా? చంటిబిడ్డను ఒడిలో పెట్టుకొనిన తండ్రి, త్రాగి కేకలు వేయువారి నడుమ నోరు మూసుకొని కూర్చుండుట పిరికితనము కాదు. అయితే ఊరకుండుట వేరు, మనసులో లేనిది పలుకుట వేరు. ప్రధానయాజకుని ఇంటి ముంగిట పేతురును చుట్టు నిలిచినవారు అతని పలుకును బట్టియే గలిలయవాడని గుర్తుపట్టిరి. అతడును పొరుగూరివాడే, గుంపునకు జడిసి మాట మార్చెను. ఆ గొప్ప సంగతిని ఒక ఆటతో సమానము చేయుట మా ఉద్దేశము కాదు. అయినను చిన్న చోట గుంపునకు జడిసి మాట మార్చు అలవాటు పెద్ద చోటికి కూడ మనతో వచ్చునని మాత్రము చెప్పుచున్నాము.

రెండవ దారి, మన జట్టు గెలుచుచున్నది గదా అని ప్రక్కవారిని ఎగతాళి చేయుట. 287 పరుగులు చేసిన రాత్రి ఏ కుర్రవాని నాలుక దురద పెట్టదు? కాని ఆ పరుగులు వాడు చేసినవి కావు. చేసినవాడు బ్యాటు ఎత్తి, ఎదుటివారితో చేయి కలిపి పోవును. ఏమియు చేయనివాడు వాని పేరు చెప్పి ప్రక్కవానిని నొప్పించును. ఇది పెండ్లివారింట విందు తిని, వడ్డించినవాని ముందరనే వంటను వెక్కిరించినట్లుండును.

మూడవ దారి, తన రంగును తాను దాచుకొనక, కార్తిక్ బంతిని గ్యాలరీలోనికి కొట్టినప్పుడు తానును చప్పట్లు కొట్టుట. ఇది మన పక్షమునకు ద్రోహమని కొందరందురు. కాదని మా అభిప్రాయము. మన చప్పట్లు స్కోరు బోర్డు మీద ఒక పరుగును చేర్చవు, ఒకటియు తీసివేయవు. మంచిని మంచి యని చెప్పుట సత్యము పలుకుటయే. మనవాడు చేసిన మంచిని మాత్రమే మంచి యనువాడు నిజముగా మెచ్చుకొనుచున్నది ఆటను కాదు, తన్ను తానే.

ఇంతవరకు వచ్చినవాని సంగతి చెప్పితిమి. ఇక ఇంటివారి సంగతి. 2024 సెప్టెంబరులో అనంతపురమున రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు మైదానములో దులీప్ ట్రోఫీ ఆటలు జరిగినవి. ఇండియా ఎ, బి, సి, డి అనునవి ఆ జట్లు; వానిలో ఏదియు మన జిల్లాది కాదు. మన పక్షము లేని చోట అందరిని మెచ్చుకొనుట సులువు. మన పక్షము ఓడుచుండగా మెచ్చుకొనుటయే కష్టము.

ఆ కష్టమైన పనిని చెన్నై వారు ఒకనాడు చేసి చూపిరి. 1999 జనవరి 31వ తేదీన చేపాక్ మైదానములో పాకిస్థాను జట్టు మన దేశపు జట్టును 12 పరుగుల తేడాతో ఓడించెను. సచిన్ టెండూల్కర్ 136 పరుగులు చేసియు గెలుపును దక్కించలేకపోయెను. కొంతసేపు మైదానమంతయు మౌనముగా నుండెను. తరువాత ఆ జనులు లేచి నిలువబడి, గెలిచిన వారికి చప్పట్లు కొట్టిరి. అది చూచి పాకిస్థాను ఆటగాండ్రు మైదానము చుట్టును పరుగెత్తి వారికి వందనము చేసిరి. అంతకు మూడేండ్ల ముందు, 1996 మార్చి 13వ తేదీన, కలకత్తా ఈడెన్ గార్డెన్సులో శ్రీలంకతో ఆడుచు మనవారు 8 వికెట్లకు 120 పరుగుల వద్ద నుండగా, జనులు సీసాలు విసరి, గ్యాలరీలలో మంటలు పెట్టిరి. ఆట నిలిచిపోయెను, గెలుపు శ్రీలంకకు ఇయ్యబడెను. రెండు చోట్లను ఓటమి ఒక్కటే, దుఃఖము ఒక్కటే. ఒక ఊరు ఆ దుఃఖమును దిగమింగి అతిథిని ఘనపరచెను. మరియొక చోట ఆ దుఃఖమే అగ్గియై తమ మైదానమునే కాల్చెను.

పరదేశిని బాధింపకూడదని ఇశ్రాయేలీయులకు ఆజ్ఞ ఇచ్చినప్పుడు దేవుడు చెప్పిన కారణమును నిర్గమకాండము 23వ అధ్యాయములో చదువుకొనుడి. ఐగుప్తులో వారును పరదేశులై యుండిరి గనుక పరదేశి మనసు ఎట్లుండునో వారు ఎరుగుదురు. ఈ కారణము మన ప్రాంతము వారికి చక్కగా తెలియును. బెంగళూరులో ఇటుకలు మోసినవాడు, అద్దె గది కొరకు గుమ్మము గుమ్మము తిరిగినవాడు, తన భాష విని ఎదుటివాడు నవ్వగా తల వంచుకొనినవాడు మన ఇండ్లలోనే ఉన్నాడు. అట్టివాడు తన ఊరికి వచ్చిన కొత్తవానిని చూచి నవ్వినచో, తాను పడిన కష్టము వానికి ఏమి నేర్పినట్లు?

ఎదుటివారు మర్యాద తప్పినచో మనము కూడ తప్పవచ్చునా అని అడుగువారుందురు. మర్యాద ఎదుటివాని యొద్ద తెచ్చిన అప్పు కాదు, వాడు ఇచ్చినంతయే తిరిగి ఇచ్చుటకు. 2022 నవంబరు 20వ తేదీన ఖతర్ దేశములో ప్రపంచ ఫుట్‌బాలు పోటీల మొదటి ఆట జరిగెను. ఆడినవారు ఖతర్, ఈక్వడారు జట్లు. ఆట ముగిసిన తరువాత చూడవచ్చిన జపానువారు కొందరు సంచులు తీసికొని, ఇతరులు పారవేసిన సీసాలను, కాగితములను ఏరిరి. ఆడినది వారి జట్టు కాదు, పారవేసినది వారు కాదు, ఆ దేశము వారిది కాదు. అయినను కూర్చుండిన చోటును శుభ్రపరచి లేచిరి.

ప్రియులారా, మనలో అనేకులు పెద్ద స్టేడియములను చూడకపోవచ్చును. కాని సంక్రాంతికిని క్రిస్మసుకును మన పల్లెలలో కబడ్డీ, వాలీబాలు పోటీలు జరుగుచునే యున్నవి. పొరుగూరి జట్టు లారీ దిగి వచ్చును. వారి వెంట పదిమంది వారి పక్షము వారును వత్తురు. మన పిల్లలు వారిని చూచి ఈలలు వేయకముందే పెద్దలు ఒక పని చేయవలెను. బిందె నీళ్లకు ఎంత దూరము నడువవలెనో, ట్యాంకరు కొరకు ఎంతసేపు కనిపెట్టవలెనో ఎరిగిన వారము మనము. ఆ నీళ్లలో మొదటి చెంబు వారికి అందింపుడి. తరువాత ఆట మొదలు పెట్టుడి. మీ ఊరి పక్షమున గొంతెత్తి అరువుడి. వారు మంచి ఆట ఆడినప్పుడు చేతులు కూడ కలుపుడి. ఆట ముగియగానే లారీ ఎక్కి పోవువారు మీ ఊరిని గూర్చి తమ ఊరిలో ఏమి చెప్పుదురో, అది ఆ రాత్రి మీరు ఇచ్చిన నీళ్లలోను, పలికిన మాటలలోను ఉన్నది.